చప్పుడు తక్కువ రంపం కావాలంటే మోటారు కన్నా ముందు బ్లేడు సైజు చూడండి

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పుస్తకాల అరలు, చిన్న అల్మరా చేసుకోవాలి, పక్కింటివాళ్లకు ఇబ్బంది కలగని చిన్న కార్డ్‌లెస్ సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరిగే బ్యాటరీ రంపం) ఏది తీసుకోవాలి అని మీరు అడిగారు. బ్రష్‌లెస్ మోటారు ఉన్నది కొంటే చప్పుడు తగ్గుతుందా అని కూడా రాశారు. నేనూ ఇదే ప్రశ్నతో మొదలుపెట్టి, మొదట నాకు పనికిరాని రంపం కొని, తర్వాత మార్చుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్రష్‌లెస్ మంచిదే. కార్బన్ బ్రష్‌లు అరిగిపోతాయన్న బాధ ఉండదు, ఒక ఛార్జింగ్‌కి ఎక్కువ కోతలు వస్తాయి. కానీ అది చూసి చప్పుడు ఉండదనుకోకండి. మన చెవులు చిల్లులు పడేది ఎక్కువగా బ్లేడు వల్ల. వేగంగా తిరిగే పళ్లు గాలిని చీలుస్తుంటే ఈల వస్తుంది. అవే పళ్లు చెక్కను కొడుతుంటే ఆ దెబ్బలకు బ్లేడూ, కింద ఉన్న ప్లైవుడ్ షీటూ కలిసి అదురుతాయి. పళ్ల వేగం తగ్గితే ఇవన్నీ తగ్గుతాయి.

నేను మొదట కొన్నది 18 వోల్టుల రంపం, బ్లేడు 165 మిల్లీమీటర్లు. నిమిషానికి సుమారు 5000 చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే పంటి అంచు సెకనుకు దాదాపు 43 మీటర్లు పోతుందన్నమాట. బాల్కనీలో మొదటి కోత సగంలో ఉండగానే పై అంతస్తులో పసిపాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. వాళ్లమ్మ కిందికి వచ్చి కోప్పడలేదు. "ఇంకా ఎంతసేపు ఉంటుందండీ?" అని మాత్రం అడిగింది. ఆ రోజు ఇక స్విచ్ నొక్కబుద్ధి కాలేదు, మిగిలిన షీటు గోడకు ఆనించేశాను.

తర్వాత తెలిసినాయన దగ్గర 12 వోల్టుల మినీ రంపం వాడి చూశాను. బ్లేడు 85 మిల్లీమీటర్లే, వేగం నిమిషానికి 1500 చుట్ల దగ్గర. పంటి వేగం సెకనుకు 7 మీటర్లు కూడా దాటదు. ఆ తేడా స్విచ్ నొక్కిన క్షణంలోనే తెలిసిపోయింది. ఈల అసలు లేదు, గేర్ల గుర్రుమనే చప్పుడే ఉంది. చెక్కలోకి దిగాక గోల పెరుగుతుంది, అది తప్పదు. అయినా గది తలుపు మూస్తే పక్క గదిలో మాట్లాడుకోగలిగేంత. బరువు కూడా రెండు కిలోల లోపే, ఒంటిచేత్తో నడుస్తుంది. వారం తిరక్కుండా అలాంటిదే కొన్నాను.

దీనికి హద్దులున్నాయి. కొనేముందు ఇవి మాత్రం తప్పకుండా చూసుకోండి. 85 బ్లేడు నిలువుగా 25, 26 మిల్లీమీటర్ల లోతు కోస్తుంది, కాబట్టి మీ 18 ప్లైవుడ్‌కి చాలు. కానీ 45 డిగ్రీలకు వంచితే లోతు 16, 17కి పడిపోతుంది. అంటే 18 షీటుకి మూలల్లో ఏటవాలు జాయింట్ వేద్దామంటే అవతలివైపు సన్నటి పొర మిగిలిపోతుంది. నేను ఒక పెట్టె చేస్తూ ఇది గమనించుకోలేదు, నాలుగు ముక్కలకూ ఆ పొరను చేతిరంపంతో కోసి, చిత్రిక పట్టాల్సి వచ్చింది. రంపాన్ని గైడ్ రైలు (కోత తిన్నగా రావడానికి చెక్క మీద పరిచే పట్టీ) మీద నడిపితే రైలు మందం కూడా లోతులోంచి పోతుంది.

మీకు ఏటవాలు కోతలు కావాలన్నా, 30, 40 మిల్లీమీటర్ల మందం చెక్క కోయాలన్నా 136 లేదా 140 బ్లేడు ఉన్నవి చూడండి. మోడల్‌ని బట్టి 40 నుంచి 50 దాకా లోతు వస్తుంది. చప్పుడు మినీ కన్నా ఎక్కువ, 165 కన్నా తక్కువ. అరలు, అల్మరా వరకే అయితే నా ఓటు 85కే. 165 అపార్ట్‌మెంట్‌కి వద్దు. మినీతో పని నిదానం. పొడుగు కోతలో తోసి పరుగెత్తిస్తే మోటారు మొరాయిస్తుంది, దాని వేగాన్ని అది పోనివ్వాలి.

మీ దగ్గర ఇప్పటికే ఏదో కంపెనీ డ్రిల్ ఉంటే, అదే బ్యాటరీకి సరిపోయే రంపం ఉందేమో ముందు చూడండి. బ్యాటరీ, ఛార్జర్ ఖర్చు మిగులుతుంది. 2 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో పట్టే ఛార్జి కొలత) బ్యాటరీతో మినీ బాగానే నడుస్తుంది, 18 వోల్టుల రంపానికి మాత్రం 4 లేదా 5 ఉండాలి. స్విచ్ వదలగానే బ్లేడు ఆగే బ్రేక్ ఉందా, కోత గీత కుడిచేత్తో పట్టుకున్నప్పుడు కంటికి కనిపిస్తుందా అన్నవి కూడా చేతిలోకి తీసుకుని చూడాల్సినవే.

ఇక రంపం కన్నా నాకు ఎక్కువ మేలు చేసినది గట్టి ఫోమ్ షీటు. రెండు స్టూళ్ల మధ్య ప్లైవుడ్ పెట్టి కోస్తే అది డప్పులా మోగుతుంది. అదే రెండంగుళాల ఫోమ్ షీటు నేలమీద పరిచి, దాని మీద ప్లైవుడ్ పూర్తిగా ఆనేలా పెట్టండి. బ్లేడు లోతు చెక్క మందం కన్నా 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ పెట్టండి. ఫోమ్‌లో గీత పడుతుంది, పడనివ్వండి. మోత చాలావరకు ఫోమ్ మింగేస్తుంది, కింది ఇంటికి పోయే అదురు తగ్గుతుంది. ఇంకో లాభం, కోసిన ముక్కలు రెండూ ఫోమ్ మీద ఆనే ఉంటాయి కాబట్టి కుంగి బ్లేడుని బిగించవు, రంపం వెనక్కి తన్నే ప్రమాదం తగ్గుతుంది. మంచి ముఖం కిందికి పెట్టడం మరిచిపోకండి, పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి పీచు పైవైపే లేస్తుంది.

బ్లేడు మొద్దుబారితే చప్పుడు పెరుగుతుంది, అంచు కాలి నల్లబడుతుంది. నా బ్లేడు అలా మారితే పారేయబోయి ఒకసారి దగ్గరగా చూశాను. పళ్ల పక్కన ప్లైవుడ్ జిగురు గోధుమరంగు పెంకులా పేరుకుపోయి ఉంది. సబ్బునీళ్లలో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది ఆరబెడితే మళ్లీ కొత్తదానిలా కోసింది. బ్లేడు తీసేముందు బ్యాటరీ ఊడదీయండి, ఒక్కసారి కూడా మినహాయింపు వద్దు.

పొట్టు కోసం వాక్యూమ్ తగిలిస్తే కొన్నిసార్లు మినీ రంపం కన్నా వాక్యూమే ఎక్కువ మోగుతుంది. నేను చిన్న కోతలకు పొట్టు సంచీతో సరిపెట్టి, మాస్క్ వేసుకుని, చివర్లో ఒకేసారి ఊడుస్తాను. చెవులకు మాత్రం మినీ అయినా మఫ్‌లు పెట్టుకోండి, మనం దాని పక్కనే ఉంటాం కదా.

మీ అల్మరాకి 45 డిగ్రీల కోతలు ఉన్నాయా, ఇంట్లో ఏ వోల్టేజీ బ్యాటరీలు ఉన్నాయి, ఈ రెండూ రాయండి. 85 సరిపోతుందో, 136కి వెళ్లాలో చెబుతాను.