సినిమాలో వాటా సంగతి తర్వాత, ముందు రిటర్ను వేయండి

ప్రశ్న: మాది బరంపురం. వయసు 38. తెలుగు సినిమాల్లో, సీరియళ్లలో చిన్న కామెడీ వేషాలు వేస్తుంటాను, స్టేజి ప్రోగ్రాములూ చేస్తాను. 2025-26లో మొత్తం 14 లక్షలు వచ్చాయి. అందులో 11 లక్షలు సినిమా, సీరియళ్లవి. 10 శాతం పన్ను కోసుకునే ఇచ్చారు. 3 లక్షలు ప్రోగ్రాములకు నగదుగా వచ్చినవి. హైదరాబాద్‌లో రూము అద్దె, రైలు టికెట్లు, దుస్తులు, మేనేజరు కమీషను కలిపి 7 లక్షలు అవుతాయి. ఇంటి ఖర్చు నెలకు 32 వేలు. పన్ను ఎలాగూ కోస్తున్నారని రిటర్ను ఎప్పుడూ వేయలేదు. బ్యాంకు ఇంటి లోను ఇవ్వనంది. పర్లాకిమిడి దగ్గర నాన్నగారి పొలం అమ్మి, స్నేహితుడి సినిమాలో 15 లక్షలు వాటా పెడదామనుకుంటున్నాను. బ్రహ్మానందం గారి ఆస్తి వందల కోట్లని నెట్‌లో చూశాక, ఈమాత్రం ధైర్యం చేయకపోతే ఎదగలేననిపిస్తోంది. ఏమంటారు?

జవాబు: మీ డబ్బు 1.1 లక్షలు ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఉండిపోయింది. ముందు దాన్ని తెచ్చుకోండి.

సినీ నటులు ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కిందికి వస్తారు. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే అందులో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల పుస్తకాలు అక్కర్లేదు. నిజంగా సగం కంటే ఎక్కువ మిగిలితే మాత్రం ఆ ఎక్కువే చూపాలి. మీకు ఖర్చులే 7 లక్షలు కాబట్టి ఆదాయం 7 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది గనుక మీరు కట్టాల్సిన పన్ను సున్నా. కోసినదంతా రీఫండే. నగదుగా వచ్చిన 3 లక్షలను కూడా రాబడిలో కలిపి చూపండి. దాచినా మీకు పైసా లాభం లేదు.

వేయాల్సిన రిటర్ను ఫారం ఐటీఆర్-4. వేసే ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తెరిచి ఒక్కో నిర్మాణ సంస్థ కోసిన మొత్తాన్ని సరిచూసుకోండి. చిన్న సంస్థల దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. పన్ను కోస్తారు గానీ ఆ కోత లెక్క చెప్పే వాళ్ల టీడీఎస్ రిటర్ను వేయరు, లేదా మీ పాన్‌లో ఒక అక్షరం తప్పు కొడతారు. అలాంటప్పుడు ప్రొడక్షన్ మేనేజరును కాదు, అకౌంటెంటును పట్టుకుని పన్ను కోసినట్టు ఇచ్చే ఫారం 16ఏ అడగండి, వాళ్ల రిటర్నును సవరించమనండి. గడువు దాటినా డిసెంబరు 31 లోపు 5 వేల ఆలస్య రుసుముతో వేయవచ్చు. అదీ దాటితే తర్వాత వేసుకునే అప్‌డేటెడ్ రిటర్ను ఉందిలే అనుకోవద్దు, దాంతో రీఫండు రాదు. పాత ఏళ్ల డబ్బుకు ఆలస్యాన్ని మన్నించమని పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టుకోవాలి. అసెస్‌మెంట్ ఏడాది (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక ఐదేళ్ల వరకే ఆ అవకాశం, అదీ సరైన కారణం చూపగలిగితేనే. ఈ పనికి ఆడిటరు ఫీజు ఇచ్చినా దండగ కాదు.

లోను రాకపోవడానికి మూలమూ ఇదే. జీతం స్లిప్పు లేనివాళ్లను బ్యాంకులు మామూలుగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. అప్పుడు కూడా చూసేది 14 లక్షలను కాదు, మీరు చూపిన 7 లక్షలను.

ఇక సినిమా వాటా. వద్దు. మీ స్నేహితుడి నిజాయితీ మీద అనుమానంతో అనడం లేదు, డబ్బు తిరిగొచ్చే వరుస అలాంటిది. సినిమా అమ్ముడుపోయాక మొదట ఫైనాన్షియర్ తన అసలు, వడ్డీ పట్టుకుంటాడు. చాలాసార్లు డిజిటల్, శాటిలైట్ హక్కులు విడుదలకు ముందే అతని పేరున రాసి ఉంటాయి. తర్వాత ల్యాబులు, బాకీలు. చిన్న వాటాదారు అందరికంటే చివర. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50 లక్షలు తెచ్చారనుకుంటే, విడుదల ఆర్నెల్లు వెనక్కి జరిగినా 6 లక్షలు పెరుగుతుంది, అదీ మీకంటే ముందే పోతుంది. పైగా మామూలు భాగస్వామ్య సంస్థలో సంతకం పెడితే సంస్థ అప్పులకు మీ ఇల్లూ జవాబుదారీయే. పద్మనాభం గారి వంటి పేరున్న హాస్యనటుడే సొంత సంస్థ పెట్టి మంచి సినిమాలు తీసి కూడా ఆర్థికంగా దెబ్బతిన్నారు. రేలంగి గారు తాడేపల్లిగూడెంలో థియేటరు కట్టుకున్నారు. ఎవరి సినిమా ఆడినా టికెట్టు తెగేది అక్కడే కదా. స్నేహితుడికి తోడుండాలంటే ఆ సినిమాలో నటించి మీ పారితోషికం విడుదలయ్యాక తీసుకోండి. పోతే అంతవరకే పోతుంది.

నెట్‌లో కనిపించే ఆస్తుల లెక్కలను పక్కన పెట్టండి. ఎవరి పన్ను రిటర్నూ చూడకుండా పారితోషికాన్ని సినిమాల సంఖ్యతో హెచ్చవేసి రాసేవి చాలా ఉంటాయి. బ్రహ్మానందం గారు సినిమాల సంఖ్యతో గిన్నిస్‌కెక్కిన మనిషి, ఆ స్థాయి పని మీకు వచ్చిన రోజున లెక్క వేరు.

పొలం ఉంచేయడమే నా సలహా. అమ్మక తప్పకపోతే రెండు సంగతులు చూసుకోండి. నాన్నగారు వీలునామా రాయకపోయి ఉంటే అమ్మగారికి, తోబుట్టువులకు కూడా వాటా ఉంటుంది, అందరి సంతకాలూ కావాలి. ఒడిశా భూరికార్డుల పోర్టల్ భూలేఖ్‌లో రికార్డు ఇంకా నాన్నగారి పేరునే ఉంటే ముందు తహసీల్దారు ఆఫీసులో మార్పించుకోండి. పొలం పర్లాకిమిడి మున్సిపాలిటీ హద్దుకు గాలి దూరంలో 2 కిలోమీటర్లు దాటి ఉంటే మూలధన లాభాల పన్ను లేదు. లోపలుంటే ఉంది.

అసలు పని మీకు మీరే జీతం ఇచ్చుకోవడం. వచ్చే ప్రతి రూపాయీ, ప్రోగ్రాముల నగదుతో సహా, ఒక ఖాతాలో పడాలి. అక్కడి నుంచి ఒకటో తారీఖున 32 వేలు ఇంటి ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. మూడు నెలలు వరసగా కాల్షీట్లు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. కోసిన పన్ను, వృత్తి ఖర్చులు, ఇంటి ఖర్చు పోను మీకు ఏడాదికి మిగిలేది 2.06 లక్షలు, రీఫండు కలిస్తే 3.16 లక్షలు. పన్నెండు నెలల ఇంటి ఖర్చు 3.84 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో నిండే వరకు ఇంకెక్కడా పెట్టుబడి పెట్టవద్దు. నిండాక పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) మీకు నప్పుతుంది. ఏడాదికి 500 నుంచి 1.5 లక్షల వరకు, చేతిలో ఉన్నప్పుడు వేసుకోవచ్చు. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వాయిదా) చేస్తే చిన్న మొత్తంతో మొదలుపెట్టండి. పని లేని నెలల్లో వాయిదా తిరిగొస్తే బ్యాంకు రుసుము వేస్తుంది.

నిధి నిండే దాకా ఆగకూడనిది బీమా. కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా), ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, వైకల్యానికీ పనిచేసే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. టర్మ్ పాలసీకి కూడా ఆదాయ రుజువుగా రిటర్ను అడుగుతారు. ప్రపోజల్ ఫారంలో వృత్తి దగ్గర ఏజెంటు ‘వ్యాపారం’ అని నింపితే సంతకం పెట్టకండి. నటుడినని, షూటింగులో కింద పడే, దూకే సన్నివేశాలు చేస్తానని రాయించండి. రేపు సెట్‌లో కాలు విరిగితే క్లెయిమ్ ఆగిపోయేది ఆ ఒక్క గడి దగ్గరే.