స్క్రూ విరిగిందని ఎఫ్‌డీ విరగ్గొట్టాలా?

రాయగడ నుంచి ఒక కిరాణా వ్యాపారి అడిగారు. వయసు 52. నాలుగేళ్ల కిందట విశాఖలో కింది దవడకి ఇంప్లాంట్, అంటే ఎముకలో దింపే లోహపు పంటి వేరు, వేయించుకున్నారు. రెండు నెలలుగా దాని మీద పన్నులా బిగించిన క్యాప్ కదులుతున్నా షాపు హడావిడిలో పట్టించుకోలేదు, మొన్న చెరకు ముక్క నములుతుంటే ఊడి చేతికొచ్చింది, స్క్రూ సగం విరిగి లోపలే ఉండిపోయింది. ఊళ్లో డాక్టరుగారు పాతది తీసేసి కొత్త ఇంప్లాంట్ వేయాలి, 48,000 అవుతుంది, వడ్డీ లేని ఈఎంఐ 12 నెలలు, ప్రాసెసింగ్ ఫీజు 2,000 అన్నారట. చేతిలో 7 శాతం మీద లక్ష ఎఫ్‌డీ, లక్ష రూపాయల చీటీ ఒకటి, హెల్త్ పాలసీ ఉన్నాయి. దేన్ని కదపాలి సార్ అని ప్రశ్న.

ఇవాళ్టికి దేన్నీ కదపకండి. మీకు విరిగింది స్క్రూ. ఎముకలో దిగిన ఇంప్లాంట్ వేరు, దానికి క్యాప్‌ని బిగించి పట్టే స్క్రూ వేరు. ముందు స్క్రూ లూజవుతుంది, ఆ లూజు మీదే నెలల తరబడి నములుతుంటే లోహం అలసిపోయి ఒకరోజు పుటుక్కుమంటుంది, మీ కథ అచ్చంగా అదే. చాలాసార్లు ఆ ముక్కని బయటికి తీయొచ్చు. సన్నటి పరికరంతో మెల్లగా ఎడమవైపు తిప్పుతూ గానీ, పళ్లు క్లీన్ చేసే మిషన్ కొనతో అదిలించి గానీ తీస్తారు, రాకపోతే అందుకోసమే తయారైన కిట్లు ఉంటాయి. ముక్క వచ్చి లోపలి మర బాగుంటే కొత్త స్క్రూ వేసి అదే క్యాప్ మళ్లీ బిగిస్తారు, ఆ బిల్లుకి ఎఫ్‌డీ దాకా వెళ్లే పనే ఉండదు. అలా కాకుండా ఎవరో తొందరపడి గుడ్డిగా డ్రిల్ పెట్టి లోపలి మర పాడుచేశారనుకోండి, ఎముకలో నిక్షేపంగా ఉన్న ఇంప్లాంట్ కూడా పనికిరాకుండా పోవచ్చు. 48,000 ఖర్చు నిజంగా మొదలయ్యేది అక్కడ.

అందుకని మొదటి ఖర్చు ఒక ఎక్స్‌రే, విశాఖకి ఒక రైలు టికెట్. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణమే, ఒకరోజు షాపు మూస్తే పోయే బేరం కూడా లెక్కేసుకున్నా ఇదే చవక. వెళ్లేముందు పాత క్లినిక్‌కి ఫోన్ చేసి మీ ఇంప్లాంట్ కంపెనీ ఏది, సైజు ఎంత అని అడిగి రాసుకోండి, ఎందుకంటే ఒక కంపెనీ స్క్రూ ఇంకో కంపెనీ ఇంప్లాంట్‌కి సాధారణంగా పట్టదు. అప్పట్లో ఒక కార్డో స్టిక్కరో ఇచ్చి ఉంటారు, బీరువాలో వెతకండి, దాని మీద వారంటీ ఏమైనా ఉందేమో చూడండి. సాధారణంగా వారంటీ అంటే వస్తువుకే, డాక్టరు ఫీజుకి కాదు, అయినా అడిగితే పోయేదేం లేదు. క్యాప్ జాగ్రత్తగా దాచండి. ఫెవిక్విక్ పెట్టి అతికించుకునే మహానుభావులున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

హెల్త్ పాలసీ గురించి ఆశ పెట్టుకోవద్దు. మామూలు పాలసీలు పంటి వైద్యాన్ని పక్కన పెడతాయి, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. చెరకు నమలడం ప్రమాదం కిందికి రాదు, అలా రాయించే ప్రయత్నం కూడా వద్దు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి వర్తించే ఓపీడీ కవర్ విడిగా కొని ఉంటే మాత్రం పేపర్లు తీసి చదవండి.

ఇక ముక్క రాలేదు, కొత్తదే గతి అని ఇద్దరు డాక్టర్లు చెప్పారనుకుందాం. అప్పుడైనా ఆ ఈఎంఐ మీద సంతకం పెట్టకండి. ఫీజు 2,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 2,360. నెలనెలా తరిగే బాకీ సగటున 26,000 ఉంటుంది కాబట్టి వడ్డీ లేదంటూనే ఏడాదికి సుమారు 9 శాతం తీసుకుంటున్నట్టు లెక్క. అంతకంటే నాకు నచ్చనిది ఇంకోటుంది. పాతది తీశాక ఎముక మానడానికి చాలామందికి నెలలు ఆగాలి, కొత్తది పెట్టాక అది ఎముకకి పట్టడానికి మళ్లీ కొన్ని నెలలు, ఆ తర్వాతే క్యాప్. పనేమో విడతల్లో జరుగుతుంది, అప్పు కంపెనీ మాత్రం మొత్తం డబ్బు మొదటిరోజే క్లినిక్‌కి కట్టేస్తుంది. మధ్యలో డాక్టరు మారాలనిపించినా మీ నెల వాయిదా ఆగదు. ఏ విడతకి ఆ విడత కడతాను, క్యాష్ ఇస్తే ఎంత తగ్గిస్తారు అని అడగండి. కొట్లో రోజూ బేరం ఆడేవాళ్లు మీరు, ఇది నేను నేర్పాలా.

ఆ విడతలకి షాపు డబ్బు చాలకపోతే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్ని బ్యాంకులో తాకట్టుగా ఉంచి కావాల్సినంత వాడుకునే అప్పు, తీసుకోండి, ఎఫ్‌డీని బ్రేక్ చేయకండి. బ్రేక్ చేస్తే ఉంచిన కాలానికి వర్తించే రేటే ఇస్తారు, అందులోంచి పెనాల్టీ కోస్తారు. ఓవర్‌డ్రాఫ్ట్‌కైతే మీ ఎఫ్‌డీ రేటు మీద ఒకటో రెండో శాతం ఎక్కువ పడుతుంది, అదీ వాడిన డబ్బుకి, వాడిన రోజులకే. 30,000 ఆరు నెలలు వాడి 8.5 శాతం కట్టినా 1,275 రూపాయలు.

రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుందేమో ఇంట్లో అడిగి చూడండి. ఉంటే నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు, చేయించుకోండి, లేకపోతే కొత్త స్క్రూకీ ఇదే గతి.

చీటీ మాట చివరికి ఎందుకు ఉంచానంటే, మీరు దానికే మొగ్గుతున్నట్టు అనిపించింది. పోయిన నెల పాట 18,000 దాకా వెళ్లిందని మీరే రాశారు, పంటి కోసం అంత వదులుకుంటారా? ఈ నెల పాటకి వెళ్లి కూర్చోండి కానీ నోరు విప్పకండి, ఎవరైనా అడిగితే పన్ను బాలేదని చెప్పండి.