రాతికలపలోని శిలీంధ్రాలు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. శిలగా మారిన కలపలో దొరికే శిలీంధ్రాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం నిదానంగా చదివాను. ఎంత శ్రద్ధగా సమాచారం సేకరించావో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే రాతిలో శిలీంధ్రాన్ని నేరుగా చూస్తున్నట్టే మొదటి వాక్యం నుంచి చివరి దాకా రాసుకుపోయావు. ఈ శాస్త్రంలో పరిశోధకుల కంటికి ఎక్కువగా ఆనేది శిలీంధ్రం తిని వదిలిన జాడే. ఆ జాడ దగ్గర నుంచి శిలీంధ్రం దాకా వాళ్లు ఏ దారిన వెళ్లారో పాఠకుడికి చూపించాలి. నీ వ్యాసంలో లోపించింది అదొక్కటే కనుక, ఈ లేఖలో దాని గురించే రాస్తాను.

కలపను కుళ్లబెట్టి మట్టిలో కలిపేయడమే శిలీంధ్రం పని అయినప్పుడు, అది పట్టిన కలప కోట్ల ఏళ్ల పాటు ఎలా మిగిలింది? నీ వ్యాసం ఈ ప్రశ్నతో మొదలైతే బాగుంటుంది. కుళ్లు పూర్తయితే రాయిగా మారడానికి కలపే ఉండదు. కుళ్లు మొదలవకముందే కలప రాయైపోతే అందులో శిలీంధ్రం ఉండదు. ఈ రెండింటికీ నడుమ, తినడం ఇంకా సాగుతుండగానే ఇసుకలో ఉండే ఖనిజమైన సిలికా చేరాలి. అగ్నిపర్వతపు బూడిద నుంచో, వేడినీటి బుగ్గల నుంచో నీటిలో కరిగి వచ్చిన సిలికా కలపలోకి ఇంకి, కణాల గోడలను పట్టుకుని, మొదట ఓపల్ అనే రూపంలో, చాలా కాలానికి స్ఫటికమైన క్వార్ట్జ్‌గా గట్టిపడుతుంది. దీనికి యుగాలు పడుతుందని రాశావు, అది పూర్తిగా నిజం కాదు. జపాన్‌లోని తతెయామా దగ్గర ఒక వేడినీటి బుగ్గలో ఉంచిన కలప ముక్కల్లో 7 ఏళ్లకే బరువులో మూడో వంతుకు పైగా సిలికా చేరింది. క్వార్ట్జ్‌గా మారడం నిదానంగానే జరగవచ్చు గాని, తొలి పూత త్వరగానే పడుతుంది. అందువల్లే శిలీంధ్రపు ఒంటిలోని దారాల్లాంటి, అంత సున్నితమైన తంతువులు కూడా చెదరకుండా మిగిలాయి.

తరువాత పాఠకుణ్ని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టు. రాతికలపను వజ్రపు రంపంతో కోసి, ఒక పలకను గాజుకు అతికించి, వెలుతురు దాని గుండా పారేదాకా అరగదీస్తారు. ఇలా అరగదీసిన పలకను శిలాఛేదం అంటారు; మామూలుగా దానికి 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం చాలు. తంతువులు కణం నుంచి కణానికి మెలికలు తిరుగుతూ పోతాయి కనుక, శిలీంధ్రాలను వెతికేవారు ఒక్కోసారి ఇంకాస్త మందంగానే వదిలేస్తారు. ఆమ్లంతో రాతిని కొంచెం కరిగించి, ప్లాస్టిక్ పొరతో ఆ ఉపరితలాన్ని ఊడదీసే పద్ధతి మొక్కల కణజాలానికి బాగా పనికివచ్చినా, దానివల్ల శిలీంధ్రాల సన్నని వివరాలు చాలా వరకు పోతాయి. ఏ పద్ధతిలో చూశారన్నది ఏం కనిపించిందో నిర్ణయిస్తుంది. నువ్వు ఆ సంగతి ఎక్కడా చెప్పలేదు, తప్పకుండా చేర్చు.

అంటార్కిటికాలోని పెర్మియన్, ట్రయాసిక్ కాలాల (సుమారు 30 నుంచి 20 కోట్ల ఏళ్ల కిందటి) రాతికలపను స్టబుల్‌ఫీల్డ్, టేలర్ అనే పరిశోధకులు 1986లో వర్ణించారు. నీ వ్యాసానికి దీనికి మించిన ఉదాహరణ లేదనుకుంటాను. బాగున్న కలప మధ్యలో అక్కడక్కడా నిలువుగా సాగిన ఖాళీ గుంతలు కనిపిస్తాయి. గుంతకు దూరంగా ఉన్న కణాల గోడలు మందంగా, ఒకదానినొకటి అంటుకుని ఉంటాయి. గుంత అంచుకు వచ్చేసరికి, కణాలను కలిపి ఉంచే నడిమి పొర కరిగిపోయి, కణాలు ఒకదాని నుంచి ఒకటి విడిపోతూ, గోడలు పలచబడుతూ కనిపిస్తాయి. ఆ నడిమి పొరలో, కలపకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ. ఈనాటి చెట్లలో లిగ్నిన్‌ను విడగొట్టే తెల్ల కుళ్లు శిలీంధ్రాలు సరిగ్గా ఇలాంటి గుంతలనే చేస్తాయి. గోధుమ కుళ్లు కలిగించేవి కణాల గోడల్లోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ను తినేసి, లిగ్నిన్‌ను చాలా వరకు వదిలిపెడతాయి. ఇక్కడ కంటికి కనిపించినవి గుంత, కరిగిన పొర, పలచబడ్డ గోడ. వాటిని బట్టి ఊహించినది తెల్ల కుళ్లు. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతే, ఎంతవరకు నమ్మాలో పాఠకుడికి తెలిసే వీలు ఉండదు.

తంతువులే స్వయంగా దొరికినా పని పూర్తి కాదు. అవి చెట్టు బతికి ఉండగా చేరాయా, పడిపోయాక చేరాయా, లేక రాయి పగిలిన తరువాత ఈమధ్యనే పగుళ్లలోంచి దూరాయా అన్నది తేల్చాలి. పగులు వెంబడే పోయే తంతువును అనుమానించాలి. చెక్కుచెదరని క్వార్ట్జ్ మధ్యలో, కణం లోపల చిక్కుకుపోయిన తంతువు పాతదే. చెట్టు ఎదురు తిరిగిన గుర్తు ఉంటే సాక్ష్యం మరింత బలపడుతుంది. అంటార్కిటికాలోనే దొరికిన జురాసిక్ కాలపు ఒక శంఖువృక్షపు (పైన్ లాంటి చెట్టు) కలపలో, శిలీంధ్రం ఉన్నచోట పక్క కణాలు నీటి నాళాల్లోకి బుడగల్లా ఉబ్బి దారి మూసిన ఆనవాళ్లు ఉన్నాయి. చచ్చిన కణం అలా ఉబ్బలేదు. కోట్ల ఏళ్ల కిందట ఒక చెట్టు తనను తాను కాపాడుకోవడానికి చేసిన ప్రయత్నం అక్కడ నిలిచిపోయింది. దీన్ని నువ్వు అరవాక్యంలో దాటేశావు. నాకైతే దానికి ఒక పూర్తి పేరా ఇవ్వాలనిపిస్తుంది.

శిలీంధ్రం ఏ వర్గానిదో చెప్పడం ఇంకా కష్టం. పుట్టగొడుగుల వర్గానికి చెందిన వాటిలో చాలావాటికి, తంతువులోని అడ్డగోడ పక్కన వంతెనలా చిన్న కొక్కెం ఉంటుంది. అది కనబడితే వర్గం ఖాయమవుతుంది. అలాంటి కొక్కేలను కార్బోనిఫెరస్ కాలపు (సుమారు 36 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి) ఫెర్న్ శిలాజంలో డెనిస్ అనే పరిశోధకుడు 1970లో చూపారు. ఫ్రాన్స్‌లో దొరికినవి అంతకంటే పాతవి, సుమారు 33 కోట్ల ఏళ్ల నాటివి. ఆ కొక్కెం కనబడనప్పుడు ‘అడ్డగోడలున్న తంతువులు’ అని రాసి ఊరుకో. ఫలానా జాతికి పూర్వీకులని రాయాలన్న ఉబలాటాన్ని ఆపుకోవాలి.

బొగ్గు గురించిన నీ పేరాను మాత్రం మళ్లీ రాయక తప్పదు. లిగ్నిన్‌ను తినే శిలీంధ్రాలు అప్పటికింకా పుట్టలేదు కనుకనే కార్బోనిఫెరస్ అడవులు కుళ్లకుండా బొగ్గుగా మారాయని తిరుగులేని సత్యంలా రాశావు. దానికి ఊతమిచ్చింది 31 శిలీంధ్రాల జన్యురాశులను పోల్చి 2012లో ప్రచురించిన అధ్యయనం. లిగ్నిన్‌ను విడగొట్టే ఎంజైములు ఆ కాలం ముగిసే వేళకు రూపొంది ఉంటాయని అది అంచనా వేసింది. 2016లో మరొక బృందం ఈ వాదాన్ని గట్టిగా ఖండించింది. ఆనాటి బొగ్గు చిత్తడుల్లోని ప్రధాన వృక్షాలలో లిగ్నిన్ తక్కువని, అంత బొగ్గు పేరుకోవడానికి తేమతో కూడిన వాతావరణమూ, కుంగుతూ పోయిన నేలా చాలునని చూపింది. పైగా అంతకు ముందటి డెవోనియన్ కాలపు కాలిక్సైలాన్ అనే అంతరించిన చెట్టు కలపలో, అంటే సుమారు 36 కోట్ల ఏళ్ల కిందటే, తెల్ల కుళ్లును పోలిన నష్టాన్ని 1985లోనే వర్ణించారు. నీ వ్యాసం రాతికలప గురించి అయి ఉండి, రాతికలప చెప్పే సాక్ష్యాన్నే పక్కన పెట్టింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. కథ ఎంత అందంగా ఉన్నా, దానికి అడ్డం వచ్చే రాయిని దాచకూడదు.

చివరగా ప్రోటోటాక్సైటిస్ అనే దుంగలాంటి శిలాజం సంగతి. కెనడాలో దొరికిన ఈ దుంగలను డాసన్ అనే శాస్త్రజ్ఞుడు 1859లో శంఖువృక్షపు కలపగా, లోపలి గొట్టాలను దాన్ని కుళ్లబెట్టిన శిలీంధ్రపు తంతువులుగా భావించారు. 1872లో కరూథర్స్ అది కలపే కాదని, ఒక పెద్ద సముద్రపు నాచు అని వాదించారు. 2001లో హ్యూబర్ ఆ దుంగ మొత్తం ఒక శిలీంధ్రమే అన్నారు. ఈమధ్య స్కాట్లండ్‌లోని రైనీ చెర్ట్ అనే శిలాజాల రాతిపొర నమూనాలను రసాయనికంగా పరీక్షించినవారు అది శిలీంధ్రమూ కాదని, అంతరించిన వేరే జీవవంశమని అంటున్నారు. ఇన్ని వాదాలు మారినా, 8 మీటర్ల దాకా పెరిగిన ఆ దుంగలోని గొట్టాల అల్లిక మాత్రం డాసన్ చూసిన నాటిలాగే ఉంది. దీన్ని నువ్వు పెట్టిన వింతల జాబితాలోంచి తీసి వ్యాసం మధ్యకు, గుంతల వర్ణన తరువాత పెట్టు. అప్పటికి పాఠకుడికి చూసినదాన్నీ ఊహించినదాన్నీ విడదీయడం అలవాటై ఉంటుంది.

బొమ్మల కింది వివరణల్లో ఛేదం అడ్డంగా కోసినదో నిలువుగా కోసినదో, కొలతగీత ఎన్ని మైక్రాన్లో రాయి. సవరించిన ప్రతిలో బొగ్గు పేరాను ముందుగా పంపు. మిగతాది తీరికగా చదువుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు