సినిమా నేపథ్య సంగీతం వేరొకరి శైలిలా ఎందుకు వినిపిస్తుంది?

స్టార్ వార్స్ సంగీతం ఎక్కడో విన్నట్టుంది, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ కాపీ కొట్టాడా అని కదా మీ ప్రశ్న. కాపీ అని నేననను.

ఇలాంటి పోలికలకు మూలం చాలాసార్లు ఎడిటింగ్ గదిలోనే ఉంటుంది. సంగీత దర్శకుడు ఒక్క స్వరం కూడా రాయకముందే, సీన్ నడక ఎలా ఉందో చూసుకోవడానికి ఎడిటర్ ఏదో పాత రికార్డింగు పెడతాడు. దీన్నే టెంప్ ట్రాక్ అంటారు. రోజుల తరబడి అదే వినీ వినీ దర్శకుడి చెవి దానికి అలవాటు పడిపోతుంది. ఇక ఆ వేగం, ఆ వాయిద్యాలు, ఆ ఊపే కావాలంటాడు. స్టాన్లీ కుబ్రిక్ అయితే మరీనూ. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి అలెక్స్ నార్త్ కష్టపడి రాసిన సంగీతాన్ని పక్కనపెట్టి, టెంప్ ట్రాక్‌గా పెట్టుకున్న క్లాసికల్ రికార్డింగులతోనే సినిమా విడుదల చేశాడు!

1977 నాటి స్టార్ వార్స్‌కి దర్శకుడు జార్జ్ లూకాస్ పాత హాలీవుడ్ సాహస చిత్రాల ఆర్కెస్ట్రా ధోరణి కోరుకున్నాడు. అందుకే టైటిల్ బాణీ ఎత్తుగడ, ఎరిక్ కార్న్‌గోల్డ్ 1942 నాటి 'కింగ్స్ రో' సినిమాకి ఇచ్చిన టైటిల్ బాణీకి దగ్గర చుట్టంలా ఉంటుంది. కాసేపటికి ఆర్కెస్ట్రా అంతా కలిసి మళ్లీ మళ్లీ గుద్దినట్టు వాయించే చోట క్లాసికల్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన 'మార్స్' ముగింపు గుర్తుకు రాకమానదు.

అయితే శైలి వేరు, బాణీ వేరు. వాయిద్యాల కూర్పు, లయ ధోరణి ఎవరి సొత్తూ కాదు. అనుమానముంటే వాయిద్యాల హంగు వదిలేసి ఆ రెండు టైటిల్ బాణీలూ కూనిరాగం తీసి చూడండి, మొదటి కొన్ని స్వరాలు దాటగానే దేని దారి దానిదే.