డైలేటర్ సగంలోనే ఆగిపోతోంది

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. వెజైనోప్లాస్టీ (యోనిని రూపొందించే సర్జరీ) అయి ఆరు వారాలైంది. యోని మార్గం ఇరుకు కాకుండా లోపలికి పెట్టుకునే కడ్డీ లాంటి సాధనం, డైలేటర్, సగం దాకా వెళ్లి ఆగిపోతోంది. తీశాక రక్తపు చుక్కలు కనిపిస్తున్నాయి. కొన్నాళ్లు మానేయనా?

జవాబు: మీ అంతట మీరు మానకండమ్మా. తొలి నెలల్లో విరామమిస్తే యోని మార్గం ఇరుకైపోతుంది. పోయిన లోతు మళ్లీ రావడం చాలా కష్టం. అలాగని బలవంతంగా తోయకండి. సర్జరీ వార్డు నర్సుగా నేను చూసినంతలో, ఇలా ఆగడానికి తరచూ కటి కండరాలు (యోని మార్గం చుట్టూ ఉండేవి) బిగుసుకోవడమే కారణం. టెన్షన్ పడితే అవి ఇంకా బిగుస్తాయి.

ముందు మూత్రానికి వెళ్లి రండి. వెల్లకిలా పడుకుని, మడిచిన మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకోండి. నీటి ఆధారిత జెల్ ధారాళంగా రాసి, చిన్న సైజుతో మొదలుపెట్టండి. మొదట వెన్ను కింది కొస వైపు వంపుగా పోనిచ్చి, ముందున్న ఎముక దాటాక నేరుగా. అడ్డు తగిలితే అక్కడే ఆపి, నిదానంగా ఊపిరి వదలండి. కండరం సడలేది అప్పుడే. తొందరపడకుండా ఎదురుచూడండి. ఎంతసేపు, రోజుకెన్నిసార్లు అన్నది మాత్రం మీ సర్జన్ చెప్పినట్టే. తర్వాత డైలేటర్‌ను గాఢత లేని సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టండి.

రక్తపు చుక్కలు చాలామందికి కనిపిస్తాయి. గాయం మానే చోట ఎర్రటి మెత్తటి కణజాలం పెరిగినా అలా అవుతుంది. డాక్టర్లు దానికి సిల్వర్ నైట్రేట్ (ఆ కణజాలాన్ని మాడ్చే మందు) పూస్తారు. అందుకే ఈ వారంలోనే చూపించుకోండి. ప్యాడ్ తడిసేంత రక్తం, జ్వరం, దుర్వాసన, యోని నుంచి మలం రావడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లండి.