ఫోటో మాస్టారి జవాబులు: ప్రొఫెసర్ గారి చెయ్యి

ప్రశ్న: మా అమ్మాయికి బరంపురంలో ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో సీటు వచ్చింది. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. ఆ కిరణాల దగ్గర పనిచేస్తే పిల్లలు పుట్టరట. దానికి తోడు మా మరిది ఫోన్‌లో ఏదో చదివి, మొదట్లో ఈ చదువు చెప్పిన జర్మనీ ప్రొఫెసర్‌కే చెయ్యి తీసేశారని చెప్పాడు. పెళ్లి కావలసిన పిల్ల. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నిజమేనా మాస్టారూ?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: మీ మరిది చదివింది నిజమేనమ్మా. మీ అత్తగారిదీ గాలిమాట కాదు. తమాషా ఏమిటంటే ఆ రెండు భయాలూ ఒక్క మనిషి దగ్గరే కలుస్తాయి. ఆయన పేరు హైన్రిష్ ఆల్బర్స్-షోన్‌బర్గ్. హాంబర్గ్‌లో 1865లో పుట్టారు.

జర్మన్ శాస్త్రవేత్త రంట్‌గెన్ ఎక్స్‌కిరణాలు కనిపెట్టింది 1895 నవంబరులో. రెండేళ్లు తిరగకుండా ఈయన డైకే అనే ఇంకో డాక్టరుతో కలిసి హాంబర్గ్‌లో సొంతంగా ఎక్స్‌రే కేంద్రం తెరిచారు. ఆ ఏడాదే ఈ విద్యకోసం ఒక పత్రిక కూడా పెట్టారు. అది ఇప్పటికీ వస్తోంది.

అప్పటి ట్యూబుల్లో కొంచెం గాలి మిగిలి ఉండేది. అది తగ్గేకొద్దీ కిరణాల తీరు మారిపోయేది. ఇవాళ ఎలా ఉన్నాయో తెలిసేదెలా? పెనం వేడెక్కిందా లేదా అని మనం చెయ్యి పైన పెట్టి చూడమూ? అచ్చం అలాగే. ఆ తరం డాక్టర్లు ట్యూబుకీ మెరిసే తెరకీ మధ్య తమ చెయ్యే పెట్టి, ఎముకలు ఎంత తేటగా కనిపిస్తున్నాయో చూసుకునేవారు. రోజుకి ఎన్నోసార్లు, ఏళ్ల తరబడి. పెనం అయితే చురుక్కుమంటుంది, చెయ్యి లాక్కుంటాం. ఇది చురుక్కుమనదు. ముందు చర్మం ఎండి పగులుతుంది, తర్వాత మానని పుండు, ఆ పుండే క్యాన్సర్. ఆల్బర్స్-షోన్‌బర్గ్ గారికి ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది, కుడిచేతి వేలు కూడా పోయింది.

ఇక మీ అత్తగారి మాట. 1903లో ఆయన మగ కుందేళ్ల మీదా, గినీపిగ్‌ల మీదా ఎక్స్‌కిరణాలు పడనిచ్చి చూశారు. అవి మామూలుగానే జత కట్టాయి, పిల్లలు మాత్రం కలగలేదు. బీజకణాలు చచ్చిపోయాయి. నొప్పి లేదు, పైకి గుర్తు లేదు, లోపల ఇంత పని జరిగిపోయింది! ఆ కబురు బయటికి వచ్చాకే ట్యూబుని సీసపు పెట్టెలో మూయాలి, మనిషి అడ్డుగోడ వెనక నిలబడాలి అన్న ఆలోచన గట్టిపడింది. అంటే మీ అమ్మాయి రేపు నిలబడబోయే గోడ ఆ కుందేళ్ల చలవే.

ఇప్పటి లెక్క చెబుతాను. ఒంటికి తగిలే కిరణాల మోతాదుని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో రోగికి తగిలేది 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకన్నా తక్కువ. ఏ ఎక్స్‌రే లేకపోయినా నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 అందుతూనే ఉంటుంది. బరంపురం పక్కనే ఉన్న ఛత్రపురం తీరంలో అయితే ఇంకా ఎక్కువ, ఆ ఇసుకలో థోరియం ఉంది. అక్కడి ఆడపిల్లలకి సంబంధాలు రావడం లేదా? మన దేశంలో ఈ పని చేసేవాళ్లకి పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20. పద్ధతిగా పనిచేసే ఎక్స్‌రే గదిలో దాని దరిదాపులకి కూడా పోదు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం వెంటనే పైవాళ్లకి చెప్పాలి. అప్పుడు హద్దు వేరు, డ్యూటీ మారుస్తారు.

పద్ధతిగా అన్నాను కదా, దాని కథ వినండి. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌గా ఉద్యోగంలో చేరిన చిన్న ఆసుపత్రిలో ఒకే ఒక్క లెడ్ ఏప్రన్, అంటే కిరణాలు ఆపే సీసపు పొర ఉన్న తొడుగు, ఉండేది. మా పెద్దాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీలో మెత్తగా వేసుకుని కూర్చునేవారు. ఓ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆ ఏప్రన్‌నే బల్ల మీద పరిచి ఎక్స్‌రే తీశాను. ఫిల్మ్‌ని హైపో అనే మందు నీళ్లలోంచి తీసి, కడిగి, కారుతుండగానే దీపానికి అడ్డం పెట్టి చూశాను. మొత్తం తెల్లగా ఉండాలి. మడతలు పడిన చోటల్లా నల్లగీతలు, ఎండాకాలం చెరువు అడుగు బీటలు వారినట్టు. ఆ బీటల్లోంచి ఇన్నాళ్లూ కిరణాలు నా మీదికి వస్తున్నాయన్నమాట. ఆ సాయంత్రమే గోడకి దండెం కొట్టాను.

కాబట్టి మీరు వాకబు చేయవలసింది అమ్మాయి ఎక్కడ పనిచేసినా ఏప్రన్ దండేనికి వేలాడుతోందా, తన పేరు మీద, తగిలిన కిరణాల్ని కొలిచే బ్యాడ్జి ఉందా, దాన్ని మూడు నెలలకోసారి లెక్క కట్టడానికి పంపుతున్నారా అని. ఎక్స్‌రే తీసేటప్పుడు పసిపిల్లల్ని తను పట్టుకోకూడదు. ఏప్రన్ వేసి తల్లినో తండ్రినో పట్టుకోమనాలి. మొహమాటానికి పోయిందా, రోజుకొక పిల్లాడు చొప్పున లెక్క పెరిగిపోతుంది. నాకు ఇద్దరు పిల్లలు, ముగ్గురు మనవలు. ఈ ఒక్క ముక్క అత్తగారికి వినిపించండి, మిల్లీసీవర్ట్‌ల కంటే బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: ప్రొఫెసర్ కావాలంటే ముందు ఆ సబ్జెక్టు ఉండాలి కదా. అసలు లేని చదువుకి ఆల్బర్స్-షోన్‌బర్గ్ ప్రొఫెసర్ ఎలా అయ్యారు?
– కాలేజీ విద్యార్థి, గుణుపురం

జవాబు: మంచి ప్రశ్న నాయనా. ఆయన పని చేసుకుంటూ పోయారు, కుర్చీ వెనకాల వచ్చింది. 1903లో హాంబర్గ్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగం చేతికి వచ్చింది. మరుసటి ఏడు ఒక యువకుడి ఫిల్మ్‌లో ఎముకలు పాలరాతిలా దట్టంగా కనిపించాయి. ఆ జబ్బుకి ఇప్పటికీ ఆయన పేరే. 1905లో జర్మనీలో రంట్‌గెన్ సంఘం పెట్టినవాళ్లలో ఆయనొకరు. హాంబర్గ్‌లో విశ్వవిద్యాలయం మాత్రం 1919 దాకా లేదు. అది తెరిచిన ఏడాదే ఆయన రేడియాలజీ ప్రొఫెసర్ అయ్యారు, జర్మనీలో మొదటివారు. అప్పటికే ఒక చెయ్యి లేదు. 1921 జూన్‌లో, 56 ఏళ్లకే పోయారు. గట్టిగా రెండేళ్ల ప్రొఫెసర్ గిరీ!

మన ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. ఆ నెలలోనే, అదే సెయింట్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో కిరణాల వల్ల చనిపోయినవారి స్మారకశిల నిలబెట్టారు. మొదట్లోనే దాని మీద 169 పేర్లు, 15 దేశాలవాళ్లవి. అందులో డాక్టర్లే కాదు, నాలాంటి టెక్నీషియన్లు, నర్సులు కూడా ఉన్నారు.

ప్రశ్న: ఎక్స్‌రే తీశాక కిరణాలు గదిలో ఎంతసేపు ఉంటాయి? వెంటనే లోపలికి వెళ్లొచ్చా?
– గృహిణి, రాయగడ

జవాబు: క్షణం కూడా ఉండవమ్మా. స్విచ్ ఆపాక బల్బు వెలుగు గదిలో మిగులుతుందా? ఇదీ అంతే. తలుపు మీద ఎర్రలైటు ఆరగానే వెళ్లండి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోనక్కర్లేదు. అక్కడ ఘాటు వాసన ఏదైనా వస్తే అది ఫిల్మ్ కడిగే మా డార్క్ రూమ్ మందులది.