బుజ్జీ, సిట్టింగులు అయ్యేదాకా మెట్లెక్కొద్దు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు గుదికాలి నొప్పికి షాక్ వేవ్ వైద్యం చేయించుకుంటా ఉండావని చెప్పింది, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. భయమూ అయింది, సంతోషమూ అయింది. ఆ చీరల షాపులో పొద్దుట్నుంచి రాత్రిదాకా నిలబడి, ఇంటికొచ్చి గోడ పట్టుకొని నడుస్తా ఎవరికీ చెప్పకుండా ఏడాది లాగినావు, ఇప్పటికైనా డాక్టరు దగ్గరికి పోయినావు, అది చాలు నాకు. ఫోన్లో చెప్తే సగమే వింటావు, అందుకే రాస్తా ఉండా.

ముందు మీ అత్తకి చెప్పు, షాక్ అంటే కరెంటు కాదు, శబ్దం మాదిరి ఒత్తిడి అలలు. మీ పెదనాయనకి కిడ్నీలో రాయి పగలగొట్టినారే, ఆ జాతి మిషనే. జర్మనీలో 1980లో రాళ్ళకి మొదలుపెట్టినారు, తర్వాత కాళ్ళకీ వచ్చింది. మడమ నుంచి వేళ్ళ దాకా గట్టి పట్టీ ఒకటి ఉంటుంది, ప్లాంటార్ ఫేసియా అంటారు, అది ఎముకకి అంటుకునే చోట దెబ్బతిని మానకుండా మొండికేసింటుంది. ఈ అలలు అక్కడ తగిలితే మానే పని మళ్ళా కదులుతుందంట. ఎక్స్‌రేలో మడమ ఎముకకి ముల్లు మాదిరి పెరిగింది కనిపించిందని ఏడ్చినావంటనే, అట్లాంటి ముల్లు నొప్పి లేనోళ్ళకీ ఉంటుంది, దాని గురించి వదిలెయ్.

బోర్లా పడుకోబెట్టి జెల్ రాసి, ఎక్కడ నొప్పో నొక్కి అడుగుతారు, మొహమాటపడకుండా సరిగ్గా చూపించు. టకటకటకా అని రెండువేల దాకా కొడతారు, పది నిమిషాల పని. నొప్పి ఉంటుంది, నీకు అబద్ధం చెప్పను. ఓర్చుకోలేకపోతే చెప్పు, తగ్గించి మెల్లగా పెంచుతారు. మత్తు సూది మాత్రం అడగొద్దు, నొప్పి చోటు నువ్వే చెప్పాల, పైగా మత్తిస్తే ఫలితం తగ్గుతుందంటారు. వారానికొకటి లెక్కన మూడో, ఐదో సిట్టింగులు.

రక్తం పల్చబడే మాత్రలు వాడతా ఉన్నా, ఈ మధ్య మడమలో స్టిరాయిడ్ సూది వేయించుకున్నా డాక్టరుకి చెప్పు. నెల తప్పిందేమోనని అనుమానం ఉంటే అస్సలు దాచొద్దు, గర్భంతో ఉన్నోళ్ళకి ఇది చెయ్యరు.

ఇంక నా సంగతి. నేనూ అప్పట్లో గుదికాలికి ఇదే చేయించుకున్నా. మీ అన్నకి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి నడిచొస్తానని మొక్కుకోనుంటి. రెండో సిట్టింగ్ అయిన సాయంత్రం నా గుదికాలు దూది మాదిరి అయిపోయింది, నొప్పే లేదు. స్వామే తగ్గించినాడనుకున్నా. మూడో రోజు పొద్దున్నే నొప్పి మాత్ర ఒకటి మింగి, మీ అమ్మని ఎంటబెట్టుకొని, వట్టి కాళ్ళతో 3550 మెట్లు, అదీ మెట్టుమెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడతా. గాలిగోపురం దాకా బాగనే పోయినా. మోకాళ్ళ మెట్టు కాడికి వచ్చేసరికి మడమలో మేకు దిగినట్టయింది, అయినా నోరు తెరవలేదు, తెరిస్తే మీ అమ్మ వెనక్కి తీసుకుపోతుందని. దర్శనం క్యూలో గంటలు గంటలు నిలబడి, బస్సులో దిగొచ్చినా. మరుసటి రోజు మంచం దిగి కాలు పెట్టలేక, బాత్రూమ్‌కి పాకతా పోయినా బుజ్జీ. అంత వయసులో పిల్లల ముందర పాకడం ఎట్లుంటుందో నీకు తెలీకూడదు.

అంతకన్నా పెద్ద తప్పు, డాక్టరుకి జారి పడినానని చెప్పినా. ఆయన పట్టీ తెగిందేమోనని భయపడి స్కానింగ్ రాసినాడు, మూడో సిట్టింగ్ ఆపేసినాడు. తెగలేదులే, కానీ డబ్బులూ పోయె, వారాలూ పోయె. చివరికి మీ అమ్మే నిజం చెప్పేసింది. ఆయన తిట్టలేదు, "నొప్పి తెలీలేదంటే మానిందని కాదమ్మా, కొట్టిన చోటు కొంతసేపు మొద్దుబారింటుంది" అన్నాడు. ఆ మాట నాకింకా గుర్తుంది. మళ్ళా మొదట్నుంచి చేసినారు. ఆఖరి సిట్టింగ్ అయిన మూడు నెలలకి, ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టినాక గానీ గమనించలేదు, ఆ పొద్దు మంచం దిగేటప్పుడు కాలు నొప్పి తీయలేదని.

అందుకే రెండు వారాలకే తగ్గలేదని బెంగపడొద్దు, ఒకటిన్నర నెల నుంచి మూడు నెలలు పడుతుంది, కొందరికి అసలు తగ్గదు కూడా, అప్పుడు వేరే దారి చూద్దాం. సిట్టింగ్ అయినాక రెండ్రోజులు ఎక్కువసేపు నిలబడొద్దు, ఎగరొద్దు. ఎర్రగా కందితే భయం లేదు. నొప్పి మాత్రలు నీ అంతట నువ్వు మింగొద్దు, అడిగి వేసుకో, వాపు తగ్గించే రకం ఆ టైంలో చాలామంది డాక్టర్లు వద్దంటారు. మంచం దిగకముందే టవలుతో వేళ్ళు నీ వైపుకి లాక్కో, పిక్కల వ్యాయామం ఆపొద్దు. ఇంట్లో బండల మీద వట్టి కాళ్ళతో తిరగొద్దు, మెత్తటి చెప్పులు వేరేగా పెట్టుకో, దేవుడి గది బయట విడువు చాలు. మీ అత్త ఏమన్నా అంటే నా పేరు చెప్పు. షాపులో ఆషాఢం సేల్ అని లీవు ఇయ్యకపోతే కనీసం స్టూలు అడుగు తల్లీ, కాలు నీది.

నువ్వు కూడా మొక్కుకున్నావని మీ అమ్మ నోరు జారింది. కాలు మానినాక ఇద్దరం కలిసి పోదాం, అందాకా స్వామికి నేను చెప్పుకుంటా. శుక్రవారం చిత్తూరు నుంచి ఫస్టు బస్సుకి వస్తా, నేను వచ్చేదాకా ఆస్పత్రికి బయల్దేరొద్దు, ఆటో నేనే మాట్లాడతా.

మీ పెద్దమ్మ